తవిటయ్య: ఈ పేరు మా బాబుకి పెట్టాలనుంది, కథ తెలిసినవాళ్ళు చెప్పండి

వంశధార ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన నెల మాకు బాబు పుట్టాడు. వాడు పుట్టడానికి సరిగ్గా నలభై రోజుల ముందు మా తాత పోయాడు. ఎనభై నాలుగేళ్ళు బతికాడు. ఆయన పేరు తవిటయ్య.

తాత పేరు మనవడికో మునిమనవడికో రావడం మా వైపు మామూలే. బాబు పుట్టాడని ఊరికి ఫోన్ చేస్తే మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఆడొచ్చీసినాడ్రా" అని ఒక్క మాటన్నాడు. ఇంక పేరు గురించి చర్చ అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది.

నా భార్యది గుంటూరు. తనకి అభ్యంతరం లేదు. మా అత్తగారు మాత్రం "తవుడా? గేదెలకి పెట్టే తవుడా బాబూ?" అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలియకే అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫై ఒక్కేళ్ళు ఆ పేరున్న మనిషి ఒళ్ళో, పక్కలో, పొలంగట్ల మీద పెరిగి, ఆ పేరుకి అర్థం చెప్పలేకపోయానన్నది అప్పటినుంచీ గుచ్చుతోంది.

తొమ్మిదేళ్ళప్పుడు తాతని ఒకసారి అడిగాను. "నన్ను అమ్మీసినార్రా, కుంచుడు తౌడుకి" అన్నాడు, అంటే ఒక కుంచం కొలత తవుడుకి. పెద్దవాళ్ళు పిల్లల్ని 'నిన్ను సంతలో కొన్నాం' అని ఏడిపిస్తారు కదా, అలాంటిదే అనుకున్నాను. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి తాత లేడు.

మా ఊరి బడిలో నాతోపాటు ఒక తవిటినాయుడు చదివాడు. పక్క ఊళ్ళో తవిటమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. హైదరాబాద్ వచ్చాక ఒక్కరు కూడా తగల్లేదు. మా ఆఫీసులో పార్వతీపురం అమ్మాయి తన తండ్రి పేరు తవిటిరాజు అని చెప్పినప్పుడు సొంత చుట్టాన్ని చూసినంత సంతోషమైంది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇది. ఈ పేరు ఎక్కడ మొదలైంది, ఎందుకు పెట్టేవారు, ఇప్పుడు ఎందుకు కనబడటం లేదు? ఇంకొకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలి? తాత పింఛను పుస్తకంలో ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకోలా, మా నాన్న పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మరోలా ఉన్నాయి. తాత పోయిన దిగులూ పురిటి హడావుడీ కలిసిపోయి ఇరవై ఒకటో రోజున బారసాల చెయ్యలేదు, మూడో నెలలో పెట్టుకున్నాం. ఆ లోపు తెలుసుకోవాలి.

కృష్ణలంక

బాబుకి దీవెనలు. నేను చూడగానే ఇది దావీదు నుంచి వచ్చిందేమో అనుకున్నాను. మా పేటలో దావీదయ్యలు నలుగురైదుగురు ఉన్నారు, పలకడం దగ్గరగానే ఉంది. ఊహ మాత్రమే.

పేరు పాతగా ఉందనిపిస్తే మొదటి అక్షరం ఉంచుకుని తన్విత్ లాంటిది పెట్టుకోవచ్చు. మా అక్క కొడుక్కి అలాగే చేశాం. తాత పేరు వెంకయ్య, వాడి పేరు విహాన్. పెద్దవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

పాత తెలుగు మాస్టారు

బాబూ, ముందుగా పిల్లాడికి నా ఆశీస్సులు. 1980 నుంచి 2014 దాకా రాజాం, పాలకొండ చుట్టుపక్కల బళ్ళలో తెలుగు చెప్పాను. హాజరుపట్టీ తీసి ఈ పేరు ఎన్ని వందలసార్లు పిలిచానో. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

దావీదుకీ దీనికీ చుట్టరికం లేదు. ఇది వడ్లలోంచి పుట్టిన పేరు. వడ్లు దంచితే మొదట ఊడేది ఊక. ఆ తరువాత బియ్యపు గింజ మీది ఎర్రటి పొర రోకటిపోటుకి పొడిపొడిగా రాలుతుంది, అది తవుడు. మన నోట తౌడు. విరిగిన గింజలు నూకలు. బియ్యం అన్నానికి, నూకలు జావకి, తవుడు కుడితి గోలెంలోకి. పక్కింటివాళ్ళు అడిగితే ధర కట్టకుండా చేటతో పోసి ఇచ్చే వస్తువు అది. 'తవుడుకి వచ్చిన చెయ్యే ధనానికీ వస్తుంది' అని సామెత ఉంది కదా. ధనం ఒక కొస అయితే తవుడు రెండో కొస. ఈ పేరంతా ఆ విలువ లేకపోవడం మీదే నిలబడింది.

'తవుడు'కి 'అయ్య' చేరితే 'తవుడయ్య' కావాలి కదా, 'తవిటయ్య' ఎలా అయింది? పిల్లలకి ఇది చెప్పడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఏరు, ఏటి. నోరు, నోటి. పగలు, పగటి. అలాగే తవుడు, తవిటి. మాటకి విభక్తి చేరేముందు ఇలా వచ్చే ఇ, టి, తి వర్ణాలని చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలన్నాడు. ఏటి నీరు అంటే ఏరుకి చెందిన నీరు. తవిటి అయ్య అంటే తవుడు తాలూకు అయ్య, తవుడుతో దక్కిన అయ్య. బిడ్డని తవుడు అనడం లేదు ఈ పేరు. తవుడు ఇచ్చి తెచ్చుకున్నవాడు అంటోంది. మీ అత్తగారికి మొదట ఈ తేడా చెప్పండి.

ఇక అమ్మకం. మీ తాత చెప్పింది ఏడిపించడానికి కాదు, ఉన్న మాటే. వరసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పురిట్లోనో ఏడాదిలోపో పోయిన ఇంట్లో మళ్ళీ కాన్పు వచ్చిందనుకోండి. ఆ తల్లికి బిడ్డని నా బిడ్డ అనడానికే నోరు వచ్చేది కాదు. పురుడు వెళ్ళాక బిడ్డని చేటలో పడుకోబెట్టి, పిల్లలు నిలిచిన ఇంటి ఆడమనిషిని పిలిచేవారు. ఆమె కుంచమో అడ్డో మానికో తవుడు కొలిచి పోసి, బిడ్డని కొనుక్కుని, గడప దాటించి తన ఇంటికి తీసుకుపోయేది. కాసేపటికి తిరిగి తెచ్చి "నా బిడ్డని పెంచిపెట్టండి" అని అసలు తల్లి ఒళ్ళో పెట్టేది. ఇంటింటికీ తీరు కాస్త మారుతుంది, అసలు సంగతి ఇదే. అప్పటినుంచి లెక్క ప్రకారం పాలిచ్చే తల్లి పెంపుడు తల్లి అన్నమాట.

మృత్యువు అనండి, దిష్టి అనండి, బాలగ్రహం అనండి, ఆ వచ్చేదానికి రెండు మాటలు వినబడాలి. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు. వీడి ఖరీదు కుంచం తవుడు, నీకు పనికిరాడు. రోజుకి ఇరవైసార్లు పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ఆ రెండు మాటలూ మళ్ళీ చెప్పినట్టే.

పేరు మోటుదని, చదువులొచ్చాక జనం సిగ్గుపడి మానేశారని అంటారు. అది సగం నిజమే. నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఆరో తరగతిలో ముగ్గురు తవిటినాయుళ్ళు ఉండేవారు, ఇంటిపేర్లతో పిలవాల్సి వచ్చేది. నేను దిగిపోయేనాటికి బడి మొత్తానికీ ఒక్కడు. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో పేరు కంటే పెద్ద మార్పు వేరే జరిగింది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండా పోయారు. 2020 నాటికి ఆ లెక్క 28. కొడవలితో బొడ్డు కోసిన బిడ్డ వారం తిరగకుండా దవడలు బిగుసుకుని పోవడం నా చిన్నతనంలో వింత కాదు. గర్భిణులకి ధనుర్వాతం టీకా ఊరూరా వచ్చింది. 2015లో మన దేశంలో పురిటిబిడ్డల ధనుర్వాతం నిర్మూలన అయినట్టు ప్రకటించారు. మశూచి 1975తో పోయింది. బిడ్డలు నిలవడం మొదలయ్యాక అమ్మాల్సిన పనిలేకపోయింది. పేరు తగ్గడానికి నాకు కనబడిన అసలు కారణం ఇది. అందుకే ఆ పేరు కొత్తగా పుట్టకపోతే నాకు దిగులు లేదు. ఉన్నవాళ్ళు దాచుకోవడం చూస్తే మాత్రం బాధ.

ఇంకొక సంగతి. తవిటయ్యలు రెండు రకాలు. అమ్మిన తవిటయ్యలు కొందరు. వాళ్ళ పేరు తీసుకున్న మనవలు కొందరు. నా దగ్గర చదివినవాళ్ళు ఎక్కువమంది రెండో రకమే, వాళ్ళని ఎవరూ అమ్మలేదు. మీ తాత తన నోటితో అమ్మేశారన్నాడు కాబట్టి మొదటి రకం. అలాంటప్పుడు పేరు అర్థం అడిగి ఊరుకోకండి. మీ తాతకి ముందు ఎవరు పోయారో అడగండి. ఆ ఇంట్లో ఫొటోలేని పిల్లలు ఉంటారు. చెప్పగలిగినవాళ్ళు ఇంకా బతికి ఉంటే వెంటనే వెళ్ళండి.

వంశధార ఒడ్డు

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు నాకోసం చదువుకున్నాను, మూడోసారి మా ఆవిడకి చదివి వినిపించాను. తను బాబుకి పాలిస్తూ వింటోంది. చేట దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. కాసేపయ్యాక మిగతాది చదవమంది.

మా తాత చెల్లెలు ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. మాకు సత్తెమ్మ. వినికిడి తగ్గింది కాని మాట స్పష్టంగా ఉంటుంది. ఈ శనివారం రాత్రి బస్సుకి వెళ్తున్నాను.

ఖరగ్‌పూర్ కోడలు

తమ్ముడూ, మీ పోస్టు చూసి చెయ్యి ఆగక రాస్తున్నాను. మా పుట్టిల్లు టెక్కలి పక్కన. అత్తారిల్లు ఖరగ్‌పూర్. మా మామగారి తండ్రి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన శ్రీకాకుళం, విజయనగరం జనం ఇక్కడ చాలామంది. మా మామగారి పేరు తవిటినాయుడు.

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. మొగుడి పేరు నోట పలకకూడదు కదా. ఆమె ఆ పట్టింపులో తవుడు అనే మాట కూడా అనేది కాదు. ఆవుకి పెట్టాలంటే "కుడితిలోకి ఆ పొడి తే" అనేది. కొత్త కోడల్ని, నాకేం తెలుసు? ఒకరోజు "తౌడా అత్తా?" అన్నాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ మాట అనకుండా ఆవుల్ని సాకింది మా అత్త.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్కింట్లో బెంగాలీ దీదీ ఉండేది. మా గోడ మీద పెయింటుతో రాసిన మామగారి పేరు చూసి అర్థం అడిగింది. నాకు వచ్చిన బెంగాలీలో తవుడిచ్చి కొన్నారని చెప్పాను. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. రెండు చేతులూ జోడించి "ఓ మా! ఖుదీరామ్!" అంది.

ఖుదీరామ్ బోస్ పేరు మనమంతా బడిలో చదివాం. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో ఉరి తీసినప్పుడు ఆయనకి పద్దెనిమిదేళ్ళు. 1889 డిసెంబరు 3న పుట్టింది మా పక్కనే, మెదినీపూర్‌లోని హబీబ్‌పూర్‌లో. ఖరగ్‌పూర్‌లో లోకల్ రైలెక్కి కంసావతి మీద వంతెన దాటితే మెదినీపూర్. ఆయనకి ముందు ఇద్దరు కొడుకులు పసితనంలోనే పోయారు. ఈ బిడ్డయినా నిలవాలని తల్లి అమ్మకానికి పెడితే, సొంత అక్క అపరూపాదేవి మూడు గుప్పిళ్ళ ఖుద్ ఇచ్చి కొనుక్కుంది. ఖుద్ అంటే నూకలు. నూకలతో దక్కినవాడు ఖుదీరామ్. మనం తవుడు కొలిచాం, వాళ్ళు నూకలు కొలిచారు. గవ్వలు ఇచ్చి కొన్నవాళ్ళు కూడా ఉన్నారు ఇక్కడ. తిన్‌కొడి అంటే మూడు గవ్వలు, పాంచ్‌కొడి అంటే అయిదు గవ్వలు. అవీ పిల్లల పేర్లే.

ఆ సాయంత్రం మా మామగారికి ఈ కథంతా చెప్పాను. ఆయన అప్పటికి రిటైరయ్యారు. ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున గోడ మీద చెరిగిపోతున్న తన పేరు అక్షరాల మీద మళ్ళీ పెయింటు వేసుకుంటూ కనిపించారు.

మీ అత్తగారు ఇంకోసారి అడిగితే ఖుదీరామ్ పేరు చెప్పండి. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరూ వెనకాడరు కదా.

మంజీర

నేను వేరే మాట చెప్త. కోపం తెచ్చుకోవద్దు.

మాది మెదక్ దిక్కు. మా బాపు పేరు పెంటయ్య. మీకు తవుడైతే మాకు పెంటకుప్ప. పశువుల పేడ, కసువు పోగువడ్డ జాగ. బిడ్డలు నిలుస్తలేరని మా నాయినమ్మ పురిటి పిల్లగాన్ని చేటల పెట్టి పెంటకుప్ప మీద పండబెట్టింది. వాడకట్టులోని ఇంకో అమ్మ ఎత్తుకొచ్చి "నాకు దొరికిండు" అని తెచ్చి ఇచ్చింది. అందుకే పెంటయ్య. మా ఊర్ల పెంటమ్మలు గూడ ఉన్నరు. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు బిక్షపతి అని పెట్టినోళ్ళున్నరు. ఆ పేరు శివునిది గూడ గనక వాళ్ళకు బాధ లేకపాయె. ఎంగిలి విస్తరాకుల మీద, అంటే పుల్లాకుల మీద, పండబెట్టి పుల్లయ్య అన్నరని మా పెద్దలు చెప్పేది.

కథ మంచిదే. కానీ నేను పట్నంల చదివేటప్పుడు తండ్రి పేరు అడిగితే గొంతు పట్టుకునేది. ఫారం మీద రాసి చెయ్యి అడ్డం పెట్టేటోణ్ణి. ఒక సారు క్లాసులో గట్టిగ చదివిండు, అరవై మంది నవ్విన్రు. ఆ నవ్వు నేను బాపు మీదికి తీసుకపోయిన. సెలవులకు పోయి ఆయనతోని సరిగ మాట్లాడలే. ఆయనకు ఎందుకో తెల్వది. నాకు కథ తెలిసింది ఆయన పోయినంక, మా మేనత్త నోట. అంటే పద్దెనిమిదేండ్లకు తెలవాల్సింది నలభై ఆరేండ్లకు తెలిసింది.

అందుకే రెండు మాటలు. సర్టిఫికెట్‌ల వేరే పేరు పెట్టుండ్రి, ఇంట్ల తవిటయ్య అని పిలువుండ్రి. లేదు, అదే పెడతం అంటరా, అయితే బడికి పంపకముందే పిల్లగానికి కథ చెప్పుండ్రి. ఎవడన్న నవ్వినప్పుడు వాని నోట్ల జవాబు తయారుగ ఉండాలె. నాకు లేకపాయె.

పాత తెలుగు మాస్టారు

మంజీర గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. క్లాసులో గట్టిగా చదివేది మాలాంటివాళ్ళమే. ఆ ముగ్గురు తవిటినాయుళ్ళ కథ నేను కూడా మొదటి రెండేళ్ళూ క్లాసులో చెప్పలేదు. మొదటిరోజే చెప్పాల్సింది.

పేరు విషయంలో నిర్ణయం తల్లిదండ్రులదే. నేను మాత్రం సర్టిఫికెట్‌లో ఉండాలంటాను. ఇంట్లో పిలిచే పేరు ఆ పిలిచేవాళ్ళతోనే పోతుంది.

వంశధార ఒడ్డు గారు అడిగిన స్పెల్లింగు సంగతి. మనం 'త' అక్షరానికి టీ, హెచ్ రాస్తాం. ఉత్తరాదివాళ్ళు దాన్ని 'థ' అని పలుకుతారు. వట్టి టీ రాస్తే మొదటి 'త', మధ్యలో 'ట' ఒకేలా కనబడతాయి. ఏది రాసినా కొందరు తప్పు చదవక మానరు. కాబట్టి అందంగా కనిపించేదాని కోసం వెతక్కండి. ఒకటి ఎంచుకుని జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రికార్డులో అక్షరం మారకుండా అదే ఉంచండి. తొందర కూడా లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు.

వంశధార ఒడ్డు

ఊరెళ్ళి వచ్చాను. ఆలస్యానికి క్షమించండి. వచ్చాక రెండు రోజులు రాయలేకపోయాను.

సత్తెమ్మ దగ్గర మంచం కోళ్ళ పక్కన నేలమీద కూర్చుని చెవి దగ్గర గట్టిగా అడిగాను, "తాత కన్నా ముందు ఎవులైనా పుట్టినారా?" అని. ఆమె నన్ను అదోలా చూసింది. "ఇన్నాల్లకి అడిగినావా" అంది.

ఇద్దరు పుట్టారు. మొదట ఆడపిల్ల. ఎనిమిది రోజులు బతికింది. పాలు పట్టడం మానేసి, ఒళ్ళు విల్లులా వంగిపోయి పోయిందట. పేరు పెట్టలేదు. తరువాత మగపిల్లాడు, రామ్మూర్తి. పద్నాలుగు నెలలు ఉన్నాడు. అడుగులు వేస్తున్నాడట, గోడ పట్టుకుని. అమ్మోరు పోసి పోయాడు. సత్తెమ్మ వీళ్ళిద్దరి తరువాత, తాత తరువాత పుట్టింది. ఆమె కూడా వాళ్ళని చూడలేదు. తల్లి చెప్పగా విన్నది. రామ్మూర్తి అని పేరు చెప్పేటప్పుడు మాత్రం తను ఎత్తుకుని పెంచిన పిల్లాడి గురించి చెప్పినట్టే చెప్పింది. మా నాన్నకి అరవై ఏళ్ళు. ఆయన ఈ పేరు వినడం అదే మొదటిసారి.

తవుడు కొలిచింది కుమ్మరి వీధి చివరింటి ముసలమ్మ. ఆమెకి తొమ్మిది కాన్పులైతే ఏడుగురు నిలిచారు. అందుకే ఆమెని పిలిచారు. కుంచుడే, తాత చెప్పింది కొలతతో సహా నిజం. తడిక తలుపు దాటించి, తన ఇంటి పొయ్యి దగ్గర బిడ్డని పడుకోబెట్టి, నుదుట మసి పెట్టి తిరిగి తెచ్చిందట.

ఇది విన్నాక నాకు ఒక్కొక్కటీ గుర్తు రావడం మొదలైంది. ప్రతి సంక్రాంతికీ తాత కుంచం కొత్తబియ్యం, ఒక చీర తువ్వాల్లో కట్టి ఆ ఇంటికి పట్టుకెళ్ళేవాడు. మోకాళ్ళు పట్టేశాక నా చేత పంపేవాడు. నేను నాలుగైదేళ్ళు మోశాను. కుండలు కొన్న బాకీ అనుకునేవాణ్ణి. ఆ ముసలమ్మ పోయాక చీర ఆగింది కాని బియ్యం ఆగలేదు, ఆమె కొడుకు ఇంటికి వెళ్ళేది.

ఇంకొకటి. తాత పోయిన పదో రోజున ఆ ఇంటి పెద్దాయన, ముసలమ్మ మనవడు, కొత్త పంచె తెచ్చి మా నాన్న చేతిలో పెట్టాడు. పెట్టుబడి బట్టలు పుట్టింటివాళ్ళు తెస్తారు కదా, ఈయన ఎందుకు తెచ్చాడా అని మేం లోపల అనుకున్నాం. ఏదో అభిమానం అనుకుని ఊరుకున్నాం. కాఫీ ఇచ్చి పంపేశాం.

మంజీర గారూ, మీ మాట మా ఇద్దరి మధ్యా రెండు రాత్రులు నడిచింది. నాకు జంకు ఉంది, దాచను. మా ఆవిడే తేల్చింది. "రామ్మూర్తికి ఏమీ మిగల్లేదు, ఆ పాపకి పేరు కూడా లేదు, వాళ్ళ తరువాత పుట్టి నిలిచినాయన పేరు మనం కాగితం మీద రాయడానికి ఎందుకు భయపడాలి" అంది. వాళ్ళమ్మకి తనే ఫోన్ చేసి మొత్తం చెప్పింది. అత్తగారు అవతల చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, నా భార్య పుట్టకముందు తనకీ ఒక బిడ్డ పోయిందని చెప్పింది. ఆ సంగతి మా ఆవిడకి ఇప్పటిదాకా తెలియదు.

సర్టిఫికెట్‌లో తవిటయ్య అనే రాయిస్తున్నాం. స్పెల్లింగు తాత పాసుపుస్తకంలో ఉన్నట్టే, మొదట టీ ఒక్కటే, హెచ్ లేదు.

నిన్న కుమ్మరి వీధి పెద్దాయనకి ఫోన్ చేసి బారసాలకి రమ్మన్నాను. ఎందుకు పిలుస్తున్నానో చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనే అందుకున్నాడు.

"పుట్టింటోలం కదా బాబూ, రాకుంటే ఎలగ?" అన్నాడు.